వరుసలో నిలబడ్డ మన బిడ్డ

ఆగస్టు నెల మొదలవగానే మన బళ్లలో డ్రిల్లు మొదలవుతుంది. పీఈటీ సారు విజిల్, ‘సావధాన్, విశ్రామ్’ కేకలు, డ్రమ్ము చప్పుడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడ చూసినా ఇదే సందడి. ఒకప్పుడు జిల్లా పరేడ్ చూడాలంటే కరీంనగర్ పోవాల్సి వచ్చేది. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాక పోలీసుల కవాతు, శకటాలు, వాటి తర్వాత మన పిల్లల ఆటపాట, అన్నీ మన కళ్ల ముందే జరుగుతున్నాయి. కన్నవాళ్లకు అంతకన్నా సంబరం ఏముంటుంది?

ఆ సంబరం వెంటే దిగులు కూడా వస్తుంది. “మావోడు పోనంటున్నడు సార్”, “పొద్దున లేస్తే కడుపునొప్పి అంటున్నది, డాక్టరుకు చూపిస్తే ఏం లేదన్నడు” అని తల్లులు అడిగేది ఈ రోజుల్లోనే. కంగారు పడకండి. మీ పెంపకంలో లోపం లేదు, బిడ్డ పిరికివాడూ కాదు. ఐదారేళ్ల పిల్లవాడికి అంతమంది చూస్తుండగా నడవడం చిన్న పని కాదు. ఆ నొప్పి దొంగనొప్పి కూడా కాదు. భయం నిజంగానే వాడి కడుపులో నొప్పిగా తెలుస్తుంది.

భరతమాత వేషం వేసిన ఒకటో తరగతి పాపను ఒక్కసారి దగ్గరగా చూద్దాం. అట్టతో చేసిన కిరీటం కళ్ల మీదికి జారుతుంటుంది. చీర నిలబడడానికి పెట్టిన పిన్నీసుల్లో ఒకటి నడుము దగ్గర గుచ్చుతుంటుంది. చేతిలో జెండా ఉంది కాబట్టి గోక్కోవడానికి లేదు. పొద్దున ఆరింటికి ముస్తాబు చేశారు, చీర పాడవుతుందని అప్పటి నుంచి మూత్రానికి పంపలేదు. ఎదురుగా అమ్మ ఫోన్ పట్టుకుని “నవ్వు బిడ్డా, నవ్వు” అంటుంది. ఆ ఫోన్లో దుబాయి నుంచి నాన్న చూస్తున్నాడు. పాప నవ్వుతుంది కూడా. కానీ లోపల దాని ధ్యాసంతా ఆ పిన్నీసు మీదే.

ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టలేరు. బీడీలు చుట్టిన పైసల్లోంచి వేషం కిరాయి కట్టింది. ఏళ్లకేళ్లు బిడ్డకు దూరంగా ఉన్న తండ్రికి ఆ పది నిమిషాలే పండుగ. ప్రేమకు కొదవ లేదు. అయితే ఒక కష్టమైన మాట చెప్పుకోక తప్పదు. మనం ఫోన్లో చూస్తున్నంతసేపూ బిడ్డకు మన ముఖం కనబడదు. కొత్తచోట పిల్లలు వెతికేది మన కళ్లనే. ఒక ఫొటో తీసి ఫోన్ జేబులో పెట్టేద్దాం. నాన్నకు సాయంత్రం బిడ్డే కథలాగా చెప్తుంది.

పిల్లలు మనసులో దాచుకునే బాధ ఇంకొకటి ఉంది. భరతమాత వేషానికి తెల్లగా ఉన్న పిల్లనే ఏరుకునే అలవాటు మన బళ్లలో పూర్తిగా పోలేదు. నల్లగా ఉన్న పిల్ల ఎందుకని అడగదు, కానీ కారణం దానికి తెలిసిపోతుంది. అటువంటప్పుడు “పోనీలే, వచ్చే ఏడు చూద్దాం” అంటే సరిపోదు. టీచరమ్మతో నెమ్మదిగా మాట్లాడాలి. చాలామంది టీచర్లు ఆ సంగతి ఆలోచించి ఉండరు, చెబితే వింటారు.

ఇక ఒంటి సంగతి. ఆగస్టు ఉక్కలో, అంతకన్నా జూన్ 2 రాష్ట్ర అవతరణ వేడుకల ఎండలో, పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం చూస్తుంటాం. కదలకుండా చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగి తలకు తగ్గుతుంది. ఖాళీ కడుపైతే, నీళ్లు తాగకపోతే ఇంకా తొందరగా పడిపోతారు. ఉప్మానో, సల్ల అన్నమో తినిపించి పంపండి. బూట్లలో కాలివేళ్లు కదుపుతూ ఉండమనండి, కళ్లు మసకబారితే వెంటనే కూర్చోమనండి. వరుస చెడుతుందని ఆగొద్దని గట్టిగా చెప్పండి. ఏడెనిమిది తరగతుల ఆడపిల్లలు మైదానంలో మరుగుదొడ్డి ఉండదని నీళ్లే తాగరు. నెలసరి రోజుల్లో తెల్ల డ్రెస్సంటే వాళ్లకు ఎంత భయమో తల్లులకు వేరే చెప్పాలా? ఆ రోజు రానంటే ఎందుకని గుచ్చి గుచ్చి అడగకండి. మరుగుదొడ్డి కోసం మాత్రం మనమంతా కలిసి బడిని అడగాలి.

ధైర్యం చెప్పడానికి బహుమతుల ఆశ కన్నా మన ఊరి కథ మేలు. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరినా, నిజాం ఏలుబడిలో ఉన్న మన ఊళ్లలో దాన్ని ఎగరేయడం నేరమని, మనకు ఆ రోజు రావడానికి 1948 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చిందని చెప్పండి. 2022లో ఇంటింటా జెండా ఎగరేసినప్పుడు సిరిసిల్ల మరమగ్గాల మీద కూడా జెండా గుడ్డ నేశారని చెప్పండి. తాను పట్టుకున్న జెండా తన వాడకట్టు వాళ్లు నేసినదే కావచ్చని తెలిసిన పిల్లవాడు దాన్ని పట్టుకునే తీరే వేరు.

ఇంత చేసినా వెళ్లనంటే ఈ ఏడాదికి వదిలేద్దాం. చప్పట్లు కొట్టేవాళ్లలో కూర్చోబెడదాం. ఏడుస్తున్న పిల్లవాణ్ణి వరుసలోకి నెడితే వాడికి గుర్తుండేది జెండా కాదు, మన చేయి.

పండుగ ముందురోజు రాత్రి ఇస్త్రీ బట్టలు, బూట్ల పాలిష్ అయిపోయాక పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: “రేపటి గురించి నీకు భయమయ్యేదేమన్న ఉన్నదా బిడ్డా?” అడిగాక, వాడు నోరు విప్పేదాకా దయచేసి మీరేమీ మాట్లాడకండి.