మొటిమల మందు – మనోస్థితి

మొండి మొటిమలకు వైద్యులిచ్చే ఐసోట్రెటినాయిన్ విటమిన్ ‘ఏ’ కుటుంబానికి చెందిన ఔషధం. చర్మంలోని తైలగ్రంథులను కుదించి జిడ్డును తగ్గిస్తుంది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకు, కొందరు వాడకందారులలో తీవ్ర విషాదం, ఆత్మహత్యాలోచనలు కనిపించినందున, 1998లో హెచ్చరిక జోడించారు. 2023లో వెలువడిన విస్తృత సమీక్షలో మాత్రం, వాడినవారినందరినీ కలిపి చూస్తే ఆత్మహత్యల ముప్పు పెరిగినట్లు తేలలేదు. మొటిమలు సైతం యువతను కుంగదీస్తాయి కదా! కనుక కారణమేదో విడదీయటం కష్టం. అయితే ఏ ఒక్కరికీ హాని కలగదని దీని భావం కాదు.

హఫర్ అల్ బాతిన్ ఎడారిగాలికి పగిలే పెదవులు ఈ మందుతో మరింత ఎండుతాయి. అది అందరికీ కనబడుతుంది. నిద్ర చెడటం, స్నేహితులకు దూరమవటం అంత సులభంగా కనబడవు. చదువుకై స్వదేశం పంపిన బిడ్డ విషయంలోనైతే ఫోనులోని గొంతే ఆధారం. మార్పు తోచిన వెంటనే వైద్యునికి తెలపాలి. గర్భిణులు దీనిని ఎంతమాత్రం వాడరాదు. శిశువుకు తీవ్ర అవయవలోపాలు కలుగవచ్చు.