కానరాని గాయము

యుద్ధభూమినుండి ఇల్లు చేరిన సైనికుని మనము మొదట కన్నులతో కొలుతుము. చేయి పోయినవానిని, కాలు పోయినవానిని చూచినంతనే మనకు గౌరవమును, జాలియు కలుగును. అతని కథను చెప్పుటకు ఊతకఱ్ఱయే చాలును. కాని కొందఱు వీరులు ఒడలిపై ఒక్క మచ్చయైన లేక తిరిగి వత్తురు. వారి గాయము కపాలము లోపల నుండును. అది నెత్తురు కార్చదు, కట్టు కోరదు. నెలలో కొన్ని దినములు మాత్రము వారిని చీకటి గదిలో పడవేసి లేవనీయదు. “మనిషి నిక్షేపముగ నున్నాడు. ఇతనికేమి జబ్బు?” అని ఇరుగుపొరుగువారు శంకింతురు. ఆ శంక గాయముకంటె తక్కువగ బాధింపదు. అట్టి శంకకు తావు లేదని గ్రహించుటకై ముందుగ మన తలలో నేమున్నదో తెలిసికొందము.

మనుష్యుని మెదడు రమారమి 1400 గ్రాముల బరువు గల మిక్కిలి మెత్తని అవయవము. ప్రకృతి దానిని కపాలమను గట్టి పెట్టెలో భద్రపఱచినది. పెట్టెకును మెదడునకును నడుమ మూడు పొరలును, నీటివంటి ద్రవమును గలవు. ఆ ద్రవములో మెదడు తేలియాడుచుండును. పరుగెత్తునపుడును, దుముకునపుడును కలుగు కుదుపులను ఆ ద్రవము తగ్గించును. కాని ఫిరంగిగుండు దాపున ప్రేలినపుడు, వాహనము బోల్తాపడినపుడు, కొండచరియనుండి మనిషి జారిపడినపుడు ఆ కుదుపు ద్రవము ఓర్వగల మేరను మీరును. నిండు బిందెను నెత్తిన పెట్టుకొని నడచుచున్న స్త్రీ తటాలున నిలిచినచో ఆమె నిలుచును గాని బిందెలోని నీరు నిలువదు. పొంగి అంచును కొట్టును. అట్లే తల ఆగినను మెదడు వెంటనే ఆగక కపాలపు గోడను తాకును. అది మెలిపడినపుడు లోపలి సన్నని తంతువులు సాగును, కొన్ని తెగును. ఆ తంతువులు మిక్కిలి సూక్ష్మములగుటచే సామాన్యమైన సి.టి. స్కాన్ చిత్రములో వాని గాయము తఱచుగ కానరాదు. కావున “చిత్రములో ఏమియు లేదు” అను మాటకు “గాయము లేదు” అని అర్థము కాదు.

ఒక వింత యేమనగా, మెదడునకు తన నొప్పి తనకు తెలియదు. నొప్పి నెఱుగునవి దానిని కప్పిన పొరలును, ఆ పొరలలోని రక్తనాళములును. ముఖమునుండియు, ఆ పొరలనుండియు నొప్పి వార్తను మెదడునకు మోసికొనిపోవు నాడికి త్రిధారనాడి యని పేరు. తలకు దెబ్బ తగిలిన పిదప కొందఱిలో ఈ నాడీమార్గము అతిజాగరూకమగును. ఒకమాఱు దొంగలు పడిన యింటి కుక్క ఆకు కదలినను మొఱుగును గదా! అట్లే ఈ నాడి కొంచెపు వెలుతురునకును, చిన్న శబ్దమునకును ఉలికిపడి, నొప్పి వార్తను పంపనారంభించును. దెబ్బ తగిలిన 7 దినములలోపల మొదలైన తలనొప్పిని వైద్యులు ఆ గాయపు ఫలముగ పరిగణింతురు. అది 3 నెలలు మించి నిలిచినచో దీర్ఘకాలికమని చెప్పుదురు. అట్టి తలనొప్పి తఱచుగ మైగ్రేన్ అను రూపమును దాల్చును.

మైగ్రేన్ అనునది పేరునకు క్రొత్తదైనను రోగము క్రొత్తది కాదు. మన పల్లెలలో దీనిని పార్శ్వపు నొప్పి, ఒంటితల నొప్పి అందురు. ప్రాచీన వైద్యుడైన సుశ్రుతుడు చెప్పిన 11 శిరోరోగములలో అర్ధావభేదక మొకటి. తలలో సగమును భేదించునది యని దాని భావము. మైగ్రేన్ అను పేరునకు మూలమైన గ్రీకు పదమునకును సగము కపాలమనియే అర్థము. దేశములు వేఱైనను రోగులు చెప్పుకొన్న బాధ ఒక్కటే. ఈ నొప్పి తఱచుగ తలకు ఒక ప్రక్కన నాడి కొట్టుకొన్నట్లు పోటు పెట్టును. కడుపులో త్రిప్పును. వెలుతురు, చప్పుడు సహింపరానివగును. మందు వేయనిచో అది 4 గంటలు మొదలు 72 గంటలవఱకు నిలువవచ్చును.

దెబ్బతిన్న సైనికునికి ఇట్టి నొప్పితో బ్రదుకుట యెట్లుండునో ఊహించి చూతము. చోడవరము మునుపు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిలునుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ ప్రాంతము చెఱకునకును, బెల్లమునకును పేరొందినది. అచ్చటి యొక పల్లెకు ఒక హవల్దారు సైన్యమునుండి తిరిగి వచ్చినాడనుకొందము. సరిహద్దున మందుపాతర ప్రేలి అతడెక్కిన బండి తలక్రిందులైనది. ఎముక విఱుగలేదు, చర్మము చిట్లలేదు. ఇల్లు చేరి సేద్యము చేసికొనుచున్నాడు. ఒకనాటి యుదయమున అతనికి ఊరక ఆవులింతలు వచ్చును, మెడ బిగిసినట్లుండును. కంటియెదుట వెండితీగవంటి వంకరటింకర వెలుగు కదలును. అవి రాబోవు తుఫానునకు సూచనలు. కొంతసేపటికి కణతపై సుత్తి మోదినట్లు నొప్పి మొదలగును. ఊరివారికి కమ్మగ తోచు బెల్లపు పాకపు వాసన అతనికి వాంతి తెప్పించును. పెనము క్రింద మండు చెఱకుపిప్పి పొగ, వినాయకచవితి పందిరిలోని మైకు మ్రోత, వీధిలోని బాణసంచా, తాటాకుల సందులనుండి పడు ఎండ, ఇవన్నియు శూలములై గ్రుచ్చును. అతడు తలుపు మూసికొని, నుదుట తడిగుడ్డ వేసికొని పరుండును. ఒక్కొక్కమాఱు మూడు దినములు గడచును. నాలుగవనాడు లేచి, ముఖము కడిగికొని పొలమునకు పోవును. ఊరివారు చూచునది ఆ నాలుగవ దినమును మాత్రమే. చీకటి గదిలోని మూడు దినములను వారెఱుగరు.

అందువలన పెండ్లికి పిలిచినవారు అతడు రాలేదని అలుగుదురు. పనికి కుదుర్చుకొన్నవారు సోమరి యని నిందింతురు. అతనికి పరిచితుల పేరులు తటాలున తోచవు. చిన్న మాటకే కోపము వచ్చును. అదియు అతని స్వభావము కాక గాయపు ఫలమే కావచ్చును. ఆ యింటి పిల్లలు మెల్లగ అడుగులు వేయుట నేర్తురు. ఇల్లాలు పాత్రల చప్పుడు కాకుండ వంట చేయుట నేర్చును. దెబ్బ తగిలినది ఒక్కనికే యైనను దాని బరువును ఇల్లంతయు మోయును.

కానరాని గాయమును లోకము నమ్మకపోవుట నేటి మాట కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు సైనికులు గుడ్డటోపీలతోనే కందకములలో నిలిచిరి. ఉక్కు శిరస్త్రాణములు 1915లో గాని వారికి అందలేదు. ఆ యుద్ధములో పది లక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటి సేవచేసిరి. మన తెలుగునాట తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము రెండు ప్రపంచయుద్ధములకును తన బిడ్డలను పంపి, మిలిటరీ మాధవరమని పేరు గాంచినది. ఫిరంగుల ప్రేలుళ్లకు లోనై, పైకి గాయము లేకయే చూపును, జ్ఞాపకశక్తియు దెబ్బతిన్న సైనికులను గూర్చి చార్లెస్ మయర్స్ అను వైద్యుడు 1915లో వ్రాసి, ఆ స్థితిని ‘షెల్ షాక్’ అనెను. అయినను ఆ కాలమున పిరికితనము, పలాయనము మున్నగు నేరములు మోపి బ్రిటిష్ సైన్యము తన సైనికులనే కాల్చి చంపెను. అట్లు చంపబడినవారిలో కొందఱు ఇట్టి వ్యాధిచే పీడితులని లోకము పిదప గ్రహించెను. 2006లో బ్రిటిష్ పార్లమెంటు 306 మందికి క్షమాభిక్ష ప్రకటించెను. అప్పటికి తొంబది యేండ్లు గడచినవి. ఆ మాట వినుటకు వారెవ్వరును లేరు.

విజ్ఞానము పెరిగిన మన కాలమునందును ఈ పొరపాటు తప్పలేదు. 2020 జనవరి 8వ తేదీన ఇరాకు దేశములో అమెరికా సైనికులున్న అల్ అసద్ స్థావరముపై ఇరాను క్షిపణులను ప్రయోగించెను. సైనికులు ముందుగనే రక్షణ స్థలములలో దాగిరి, ఒక్కరును చనిపోలేదు. ఎవ్వరికిని హాని కలుగలేదని మొదట ప్రకటింపబడెను. కాని దినములు గడచుకొలది పలువురు తలనొప్పితోను, కన్ను చీకట్లతోను వైద్యులను చేరిరి. కడకు వందమందికి మించి మెదడు గాయములకు లోనైనట్లు తేలెను. శత్రువుచేత గాయపడినవారికిచ్చు పర్పుల్ హార్ట్ అను పతకమును వారిలో పలువురకు ఇచ్చిరి. నెత్తురు చిందనిదియు గాయమే యని ఆ పతకము చాటినది.

మన దేశమునందు ఈ విషయము న్యాయస్థానము వఱకు పోయినది. ఆరోగ్యవంతుడని పరీక్షించి సైన్యమున చేర్చుకొన్న ఒక సిపాయిని, తొమ్మిదేండ్ల సేవ గడచిన పిదప, మెదడునకు సంబంధించిన మూర్ఛవ్యాధి కలదని 1994లో పంపివేసిరి. ఆ వ్యాధి సేవవలన కలిగినది కాదని అంగవైకల్యపు పింఛను నిరాకరించిరి. 2013లో సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. చేరునాడు వ్యాధి ఉన్నట్లు వ్రాయబడనిచో, అది సేవాకాలమున సేవవలననే కలిగినదని మొదట తలపవలెననియు, కాదని నిరూపించు భారము సైనికునిపై లేదనియు ఆ తీర్పు సారాంశము. చూపుటకు మచ్చ లేనివానికి ఇది గొప్ప అండ. మాజీ సైనికుల వైద్యమునకై 2003లో ప్రత్యేక పథక మొకటి ఏర్పడినది. విశాఖపట్టణమున నౌకాదళమునకు చెందిన కల్యాణి ఆసుపత్రియు కలదు.

ఈ నొప్పిని సమూలముగ పెఱికివేయు మందు లేకున్నను, దానిని అదుపున నుంచు మార్గములు కలవు. మొదటిది నియమము. వేళకు నిద్రించుట, వేళకు భుజించుట, చాలినంత నీరు త్రాగుట మేలు చేయును. రెండవది దినచర్య వ్రాయుట. నొప్పి ఎన్నడు వచ్చినది, అంతకు ముందేమి జరిగినది, ఎంతసేపు నిలిచినది అని వ్రాసి యుంచినచో వైద్యునికి దారి తెలియును. మూడవది మందులు. నొప్పి వచ్చినపుడు వేసికొనునవి కొన్ని. రాకుండ దినదినము వేసికొనునవి కొన్ని. ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. సామాన్యమైన నొప్పిబిళ్లలనే నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, నెలల తరబడి మ్రింగినచో ఆ బిళ్లలే తలనొప్పికి కారణమగును. కావున వైద్యుని మాట లేక అంగడి బిళ్లలను నమ్మరాదు.

మందులకు తోడు గుండెదిటవు కావలెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1943 మార్చిలో, జసెత్‌స్కీ యను సోవియట్ సైనికుని మెదడులో తుపాకిగుండు దూరెను. అతనికి అప్పటికి 23 ఏండ్లు. చదువు మఱచెను, కుడివైపు చూపు పోయెను, తెలిసిన మాటలే తోచకుండెను. మరల అక్షరములు నేర్చి తన కథను వ్రాయ మొదలిడెను. దినమునకు కొన్ని పంక్తులైనను చాలునని, తాను వ్రాసినది తానే చదువుట కష్టమైనను మానక, రమారమి 25 ఏండ్లలో 3000 పుటలు వ్రాసెను. అలెగ్జాండర్ లూరియా యను శాస్త్రజ్ఞుడు ఆ వ్రాతలతో 1971లో ఒక గ్రంథమును వెలువరించెను. గాయమును జయింపలేనివాడును దానికి లొంగకుండ బ్రదుకవచ్చునని ఆ సైనికుడు చూపినాడు.

బాలబాలికలారా! మీ వీధిలో ఇట్టివారుండవచ్చును. వారు తలుపు మూసికొన్న దినమున మైకు మ్రోత తగ్గింపుడు. వాకిట బాణసంచా కాల్పకుడు. “నిజముగ నొప్పియేనా?” అని అడుగకుడు. “ఏమైన తెచ్చిపెట్టవలెనా?” అని అడుగుడు. మీ తలలను గూడ కాపాడుకొనుడు. 1941లో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు మోటారు సైకిళ్లపై వార్తలు మోయు సైనికుల తలగాయములను పరిశీలించి హెల్మెట్టు విలువను లోకమునకు తెలిపెను. ఆ యేడే బ్రిటిష్ సైన్యము దానిని తప్పనిసరి చేసెను. సైనికుల బాధనుండి పుట్టిన ఆ రక్షణ నేడు మీ యింటి బండికిని అందుబాటున నున్నది. ఆటలో తలకు గట్టి దెబ్బ తగిలినచో దాచక పెద్దలకు చెప్పుడు. వాంతియు, మత్తును కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. కన్నులకు కనబడని బాధను మాట విని నమ్మువాడే మంచి పొరుగువాడు.

ప్రశ్నలు

1. తల ఆగినను మెదడు ఆగదనుటకు పాఠములో చెప్పిన పోలిక యేది? వివరింపుడు.
2. “ఊరివారు చూచునది ఆ నాలుగవ దినమును మాత్రమే.” ఈ వాక్యపు భావమును వ్రాయుడు.
3. 2006లోను, 2020లోను జరిగిన సంఘటనలు మనకు నేర్పు నీతి యేమి?
4. 2013 నాటి తీర్పు సైనికులకు ఎట్లు అండయైనది?
5. మీ ఊరిలోని ఒక మాజీ సైనికునితో మర్యాదగ మాటలాడి, ఆయన చెప్పిన యనుభవమును పది వాక్యములలో వ్రాయుడు.