బత్తా లేని రోజులు

చిరంజీవి బుజ్జికి,

మొన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది. క్లాసులో హాలీవుడ్ రైటర్ల సమ్మె గురించి మాట్లాడమంటే నువ్వు రైటర్ల తరఫున ఇరగదీశావట. అంతలో వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి "మరి లైట్‌మ్యాన్ సంగతేంటి?" అన్నాడట, నీకు నోట మాట రాలేదట. జవాబు తోచకపోవడం తప్పు కాదులే. ఆ ప్రశ్న అంతకుముందు నీ అంతట నీకు రాకపోవడం మాత్రం లోటే. ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా సాయంత్రం పూట బత్తా, అంటే రోజు భత్యం, కవర్లలో పెట్టి పంచినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

2023 ఏప్రిల్‌లో మీ అత్తయ్యా నేనూ మా అమ్మాయి దగ్గరికి లాస్ ఏంజెలెస్ పక్కనున్న బర్బ్యాంక్ వెళ్ళాం, గుర్తుందిగా? వెళ్ళిన కొద్దిరోజులకే, మే 2న సమ్మె మొదలైంది. పొద్దున్నే వాకింగ్‌కి పోతే స్టూడియో గేటు ముందు రైటర్లు అట్టలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ కనిపించేవాళ్ళు. అమెరికాలో హారన్ కొట్టడమంటే ఎదుటివాణ్ణి తిట్టినట్టే. ఆ గేటు దగ్గర మాత్రం పోయే ప్రతి కారూ హారన్ కొట్టి మరీ పోయేది. అక్కడ అది దీవెన.

వాళ్ళ డిమాండ్లు నీకు నాకంటే బాగా తెలుసు, అందుకే రెండు ముక్కల్లో చెప్తాను. రైటర్స్ గిల్డ్‌లో సుమారు 11,500 మంది. పాత రోజుల్లో ఒక సీరియల్ ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు నడిచేది, మళ్ళీ వేసినప్పుడల్లా రైటర్‌కి వాటా వచ్చేది. ఓటీటీలొచ్చాక ఎపిసోడ్లు ఎనిమిదికో పదికో పడిపోయాయి, వాటా చిక్కిపోయింది, దానికి తోడు ఏఐ భయం. న్యాయమైన పోరాటమే. అందులో నాకేం అనుమానం లేదు.

ఇప్పుడు అమ్మాయి వాళ్ళ పక్కింటాయన సంగతి. ఆయన గ్రిప్. అంటే మన దగ్గర ట్రాక్ వేసి, స్టాండ్లు నిలబెట్టి, లైటుకి అడ్డం కట్టే మనిషి అనుకో. నేను చూసినన్నాళ్ళూ ఆయన గరాజ్ తలుపు తెరిచే ఉండేది. లోపల గోడ పొడవునా స్టాండ్లు, క్లాంపులు, ఇసక సంచులు. ఆయన ఒక స్టూల్ వేసుకుని గుడ్డముక్కతో ఒక్కొక్క క్లాంపూ తుడుస్తుండేవాడు. నిన్న తుడిచినవే మళ్ళీ ఇవాళ. మన లైట్‌మెన్‌ని అలా చూశాను నేను, షూటింగ్ లేని రోజుల్లో కేబుళ్ళు విప్పి మళ్ళీ చుట్టేవాళ్ళు. పనిలేని చేతులకి ఎక్కడైనా అదే పని.

ఆయనకి రెండు దిగుళ్ళు. ఒకటి అద్దె. రెండోది మనకి సులువుగా అర్థం కాదు. అక్కడి యూనియన్ కార్మికుడికి ఆరోగ్య బీమా పనిగంటలతో ముడిపడి ఉంటుంది. ఆరు నెలల్లో 400 గంటలు పనిచేస్తేనే తరవాతి ఆరు నెలలకి బీమా. షూటింగ్ ఆగితే జీతం ఒక్కటే కాదు, ఆసుపత్రి గుమ్మం కూడా మూసుకుపోతుంది. ఆ ఏడు బీమా నిధి చూసేవాళ్ళు కొంత వెసులుబాటు ఇచ్చారు. అయినా ఆయన భార్య బీమా కాగితాలున్న ఫైలు వంటింటి బల్లమీద నుంచి తీయలేదు, మీ అత్తయ్య చూసి వచ్చి చెప్పింది.

రైటర్లు రాయనంటే ఆయన పని ఎందుకు ఆగిందని నువ్వడగొచ్చు. కథ లేక ఆగినవి కొన్ని. రాసి పెట్టుకున్న స్క్రిప్టులతో నడుస్తున్నవాటిని ఆపింది లారీ డ్రైవర్లు. అక్కడ కెమెరా, జనరేటర్ లారీలు, మేకప్ ట్రెయిలర్లు నడిపేవాళ్ళది టీమ్‌స్టర్స్ అనే యూనియన్. సమ్మె వాళ్ళు కాపలా నిలబడ్డ గీతని దాటనక్కర్లేదనే హక్కు వాళ్ళ ఒప్పందంలోనే ఉంది. అందుకని రైటర్లు ఇంకా తెల్లారకుండానే లొకేషన్‌కి పోయి నిలబడేవాళ్ళు. నలుగురైదుగురు చాలు. లారీ వస్తుంది, అట్ట చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది, ఆ రోజుకి ప్యాకప్. న్యూయార్క్ వైపు 'డేర్‌డెవిల్: బోర్న్ అగైన్', 'సెవెరన్స్' షూటింగులు ఇలాగే ఆగాయి. ప్రొడక్షన్ మేనేజర్‌గా నా గుండె కలుక్కుమన్నా, వ్యూహంగా చూస్తే శభాష్ అనాల్సిందే.

కానీ ఒక్కో షూటింగ్ ఆగిన ప్రతి రోజూ వందమందికి పైగా మనుషుల కూలి పోయింది. వాళ్ళలో ఎవరికీ ఈ సమ్మెలో ఓటు లేదు. గ్రిప్పులూ ఎలక్ట్రీషియన్లూ ఉండేది ఐయాట్సీ అనే వేరే యూనియన్‌లో, వాళ్ళ ఒప్పందం గడువు 2024 జులై దాకా ఉంది. అంటే వాళ్ళు సమ్మె చేయలేరు, చేసేవాళ్ళని ఆపలేరు. షూటింగులు ఆగేసరికి స్టూడియోల చుట్టూ బతికే పూలకొట్టు, డ్రై క్లీనరు, భోజనాల కాంట్రాక్టరు, సామాన్లు అద్దెకిచ్చే గోడౌను అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. పని పోయిన కార్మికుడికి కాలిఫోర్నియా ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి ఎక్కువలో ఎక్కువ వారానికి 450 డాలర్లు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల అది అద్దెకే చాలదు. సమ్మెలో ఉన్న రైటర్లకి అదీ లేదు. సమ్మె చేసేవాళ్ళకీ ఇవ్వాలని శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ తిప్పి పంపాడు.

కోపం రాలేదా అని ఒకసారి పక్కింటాయన్నే అడిగాను. "వచ్చింది. అయినా గీత దాటను. రేపు నా వంతు" అన్నాడు. ఆ మాటలో త్యాగం ఏమీ లేదమ్మా, పక్కా లెక్క ఉంది. వాళ్ళ ఆరోగ్య, పింఛను నిధుల్లోకి సినిమాలు మళ్ళీ మళ్ళీ ఆడినప్పుడు వచ్చే వాటాలోంచి కొంత జమ అవుతుంది. ఓటీటీ ఆ వాటాని ఎండగడితే రైటర్‌తో పాటు ఆయన ముసలితనం కూడా ఎండిపోతుంది.

ఇక అండగా నిలబడేవాళ్ళ సంగతి. నీలాంటి వాళ్ళకి అవసరమైంది ఇదే కాబట్టి శ్రద్ధగా చదువు. 2007 నవంబరు నుంచి 2008 ఫిబ్రవరి దాకా వంద రోజులు ఇలాగే రైటర్ల సమ్మె జరిగినప్పుడు అభిమానులు డబ్బులు వేసుకుని స్టూడియో యజమానులకి పెన్సిళ్ళ పెట్టెలు పంపారు. సరదా ఆలోచన, పేపర్లలో బాగా వచ్చింది. పెన్సిల్ ఎవరి కడుపూ నింపదు. 2023లో టీవీ నటుడు డ్రూ కేరీ, బర్బ్యాంక్‌లోని ఒక డైనర్‌లో రైటర్లు గిల్డ్ కార్డు చూపిస్తే బిల్లు నేను కడతానన్నాడు. ఇది పెన్సిల్ కంటే మేలు. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం రాత్రి షోలు నడిపే ఐదుగురు, కోల్బేర్, ఫాలన్, కిమ్మెల్, మేయర్స్, ఆలివర్ కలిసి ఒక పాడ్‌కాస్ట్ పెట్టి, వచ్చిన డబ్బు తమ షోల సిబ్బందికి ఇవ్వడం. ఎవరి తలుపు మూయడం వల్ల ఎవరి పొయ్యి ఆరిందో తెలిసిన వాళ్ళు చేసిన పని అది. మన దగ్గరా ఉంది ఈ తెలివి. 2020 కరోనాలో చిరంజీవిగారి ఆధ్వర్యంలో సీసీసీ (కరోనా క్రైసిస్ చారిటీ) పెట్టి కార్మికుల ఇళ్ళకి సరుకులు పంపారు. బియ్యం, పప్పు, నూనె. ఉపన్యాసాల్లేవు.

ఇంకో మాట. 2023 సమ్మెలో ఓటీటీలు బహిష్కరించండని రైటర్లు పిలుపివ్వలేదు. అయినా ఉత్సాహం కొద్దీ చందాలు మానేసి, అదే పెద్ద సాయమనుకున్నవాళ్ళున్నారు. పోరాడేవాళ్ళు అడిగింది చెయ్యి, అడగంది చేసి గొప్పలు చెప్పుకోకు.

సెప్టెంబరు 27న రైటర్ల సమ్మె ముగిసింది, 148 రోజులు. డైనర్లలో సంబరాలు. ఆ రోజు కూడా పక్కింటాయన గరాజ్‌లోనే కూర్చున్నాడు. ఎందుకంటే జులై 14 నుంచి నటుల సమ్మె నడుస్తోంది, నటుడు లేకుండా గ్రిప్‌కి పనేముంటుంది? అది నవంబరు 9 దాకా సాగింది. అప్పటికి మేం తిరిగొచ్చేశాం. ఆ తరవాతా పని ఊపందుకోలేదు. కంపెనీలు షోలు తగ్గించుకున్నాయి. "2025 దాకా బతికితే చాలు" అన్నది అక్కడ ఊతపదమైపోయిందని అమ్మాయి చెప్పింది. ఐయాట్సీకి 2024లో మూడేళ్ళ ఒప్పందం కుదిరింది. జీతాలు మొదటి ఏడు 7 శాతం, తరవాత 4, 3.5. రైటర్లు తెరిచిన తలుపులోంచే అది వచ్చిందని కొందరంటారు. కాదనను. కానీ పక్కింటాయన ఆలోపే స్టాండ్లన్నీ అమ్ముకున్నాడు.

మన వైపు కథ తలకిందులు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి 18 రోజులు పని ఆపారు, మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం దాకా దక్కింది. అక్కడ రైటర్ ఆపితే లైట్‌మ్యాన్ కూర్చున్నాడు, ఇక్కడ లైట్‌మ్యాన్ ఆపితే రైటర్ కూర్చున్నాడు. ఆ 18 రోజులూ నీ తోటి రైటర్లు ఏం మాట్లాడారో కనుక్కో. కనుక్కున్నాక ఆ వెనక బెంచీ అబ్బాయికి జవాబు చెప్పు.

నీ స్క్రిప్టులో రాత్రి వాన సీను ఉందని మీ అమ్మ మురిసిపోతోంది. రాత్రి వానకి ఎన్ని లైట్లు, ఎంతమంది మనుషులు కావాలో నీకు తెలుసా? ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కృష్ణానగర్ రా. నాతో పాతికేళ్ళు పనిచేసిన లైట్‌మ్యాన్ వస్తాడు, చాయ్ తాగుతూ ఆయన్నే అడుగుదువుగాని. నోటుబుక్కు తెచ్చుకో.

మీ మామయ్య