బిషప్పులూ, రాజ్యాధికారమూ: డోర్నకల్ అజరయ్య కాదన్న వరం

తెలుగు బైబిలులో బిషప్పు పదవిని చెప్పవలసిన చోట మన అనువాదకులు 'అధ్యక్షుడు' అని వ్రాశారు. గ్రీకు మూలంలోని మాటకు 'పైవిచారణ చేసేవాడు' అని అర్థం. రోమను కాథలిక్కులు ఆ పదవిలోని వారిని 'పీఠాధిపతులు' అనీ, 'మేత్రాణులు' అనీ వ్యవహరిస్తారు. అధ్యక్షునికీ పీఠాధిపతికీ ఉన్న దూరమెంతో, ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే చరిత్ర కూడా దాదాపు అంతే. విచారణకర్తగా మొదలైన వాడు పీఠమెందుకు ఎక్కాడు? పీఠమెక్కిన తరువాత రాజుతో ఎందుకు పోరాడవలసి వచ్చింది? ఈ ప్రశ్నలు ఐరోపాకు మాత్రమే పరిమితమైనవి కావు. మన గోదావరి తీరానికీ, మనబోటి మైనారిటీ కళాశాలకూ వీటితో సంబంధమున్నది.

క్రీ.శ. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు మతస్వేచ్ఛ నిచ్చాడు. అంతవరకు చెరసాలలు చూసిన బిషప్పులు 325లో నైసియా సభకు చక్రవర్తి అతిథులుగా వెళ్ళారు. తగవులు తీర్చే అధికారం వారికి దక్కింది. 390లో థెస్సలొనికా నగరంలో జరిపించిన హత్యాకాండకు పశ్చాత్తాపపడితే తప్ప ప్రభుభోజనం ఇవ్వనని మిలాను బిషప్పు అంబ్రోసు థియొడోసియస్ చక్రవర్తికి తెలియజేశాడు. చక్రవర్తి తల వంచాడు. ఇది నైతికాధికారం. అయితే మధ్యయుగాలలో బిషప్పులకు భూములు, కోటలు, సైనికులు సమకూడిన తరువాత పోరాట స్వరూపమే మారిపోయింది. బిషప్పును నియమించే హక్కు ఎవరిదన్న తగవులో జర్మను రాజు నాలుగవ హెన్రీ 1077 జనవరిలో కనోస్సా కోట ముందు మంచులో మూడు రోజులు పోపు క్షమకోసం నిలబడ్డాడు. కొన్నేళ్ళకు అదే రాజు ఆ పోపును రోము నుండి వెళ్ళగొట్టించాడు. 1122లో వర్మ్సులో ఒప్పందం కుదిరే దాకా ఈ తగవు సాగింది. ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ 1170 డిసెంబరు 29న తన దేవాలయంలోనే రాజు మనుషుల కత్తులకు బలి అయినాడు.

ధర్మవేత్తకూ రాజుకూ మధ్య ఈ పెనుగులాట ఒక్క క్రైస్తవుల చరిత్రలోనే లేదు. ఖలీఫా మామూన్ 833లో మొదలుపెట్టిన 'మిహ్నా' అనే విచారణకు లొంగక కొరడా దెబ్బలు తిన్న ఇమాం అహ్మద్ ఇబ్న్ హంబల్ కథ మా ఉర్దూ విభాగపు మిత్రులకు తెలియనిది కాదు.

మన దేశానికి ఇంగ్లీషు బిషప్పు వచ్చిన విధం విచిత్రమైనది. 1813 నాటి ఈస్టిండియా కంపెనీ చార్టరు చట్టంలోనే కలకత్తా బిషప్పు పదవి ఏర్పాటయింది. సంవత్సరానికి 5,000 పౌనుల జీతం, అదీ భారతదేశపు ఆదాయం నుండి! 1835లో మద్రాసుకు వేరే బిషప్పు వచ్చాడు. ఆంగ్లికను చర్చికీ ప్రభుత్వానికీ ఉన్న ఈ చట్టబద్ధమైన ముడి 1930లో గాని తెగలేదు. బిషప్పును తెల్లదొరల ప్రభుత్వంలో ఒక శాఖాధికారిగా ప్రజలు చూశారంటే అందులో వారి తప్పేమున్నది?

గోదావరి డెల్టాలో మాత్రం క్రైస్తవం బిషప్పు లేకుండానే వేరూనింది. 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని చేశారు. వారు బ్రదరెన్ శాఖవారు. బిషప్పునే కాదు, గురువుల పట్టాభిషేకాన్ని సైతం అంగీకరించనివారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజులలో (1847-52) అక్కడ చేరిన కూలీలకు వారు సువార్త చెప్పారు. రాజమహేంద్రవరంలో 1845లో ఉత్తర జర్మను మిషను వారు స్థాపించిన కేంద్రం కొన్నేళ్ళకే అమెరికను లూథరనుల చేతికి వచ్చింది. వారిదీ సభల పాలనే. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చికి మొదట ప్రెసిడెంటు ఉండేవాడు. బిషప్పు అన్న బిరుదు తరువాతి కాలపుది. బిషప్పు లేని చోట అధికారపు తగవులు ఉండవని అనుకోవడం మాత్రం పొరపాటు. సభలో ఓట్లు, ఆస్తులపై వ్యాజ్యాలు, కోర్టు ఉత్తర్వులు — ఇవి అన్ని శాఖలలోనూ చూస్తూనే ఉన్నాము.

ఈ నేపథ్యంలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి జీవితాన్ని పరిశీలించాలి. ఆయన 1874లో తిరునల్వేలి ప్రాంతంలో జన్మించిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు స్వదేశ మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు మాకు అన్నీ ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదన్న భావాన్ని తెల్లవారి ముఖం మీదనే చెప్పారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఆయనను బిషప్పు చేయాలని పూనుకోగా, భారతీయుని కింద తెల్లవారు పని చేస్తారా అన్న అభ్యంతరం లేచింది. ఎదిరించిన వారిలో తెల్లవారే కాదు, భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయినారు. అది సరిగా బెకెట్ వర్ధంతి దినం! కావాలని ఎంచుకొన్నారో, కాకతాళీయమో గాని చరిత్ర విద్యార్థికి ముచ్చట గొలిపే విషయమిది.

మొదట డోర్నకల్ చిన్న అధ్యక్ష మండలం. 1920 తరువాత కృష్ణా, ఏలూరు ప్రాంతాలూ, గోదావరి ఎగువన దుమ్ముగూడెమూ అందులో చేరాయి. అప్పుడు తెల్ల మిషనరీలు కూడా ఆయన ఆజ్ఞకు లోబడవలసి వచ్చింది. మండలంలోని క్రైస్తవుల సంఖ్య 1912లో సుమారు 56 వేలు. 1941 నాటికి రెండు లక్షల పాతిక వేలకు చేరింది. వారిలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ పల్లెలవారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయంలో మసీదు గుమ్మటాలు, మినారులు, మండపపు రాతి స్తంభాలు ఒకే కప్పు కింద చేరాయి. ఇంగ్లండు గోతిక్ గోపురం ఎందుకు కట్టలేదని అడిగేవారికి ఆ కట్టడమే జవాబు.

ఇంత జనబలం గల మనిషికి రాజకీయాధికారం తానుగా వచ్చి తలుపు తట్టింది. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు ముస్లిములకు, సిక్కులకు ప్రత్యేక నియోజకవర్గాలను కొనసాగిస్తూ, భారతీయ క్రైస్తవులకు కూడా వాటిని ప్రసాదించింది. 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 క్రైస్తవులవి. క్రైస్తవులే ఓటర్లయితే ఆ స్థానాలలో ఎవరు గెలవాలో నిర్ణయించగల వారు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. మధ్యయుగపు బిషప్పు అయితే ఈ వరాన్ని రెండు చేతులా అందుకొనేవాడు. అజరయ్య వద్దన్నారు. చర్చిని ఒక కులంగా, రాజకీయ కక్షగా మార్చడం చర్చి స్వభావానికే దెబ్బ అని ఆయన వాదించారు. లాభం కోసం మతం మార్చారన్న అపవాదుకు ఇదే సాక్ష్యమవుతుందన్న భయం కూడా అందులో ఉన్నదని మా ఊహ.

ఇదే కాలంలో గాంధీజీతో ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదం ఏర్పడింది. హరిజనులను క్రైస్తవంలో చేర్చుకోవడం సంఖ్యాబలం కోసమేనని గాంధీజీ అనుమానం. పల్లెవాడు తన ఆత్మ విషయంలో తానే నిర్ణయించుకోలేడా అన్నది అజరయ్య పట్టు. స్థానాలు వద్దన్న మనిషి బాప్తిస్మమిచ్చే హక్కును మాత్రం వదలుకోలేదు. ఈ రెండింటి నడుమ గీత గీయడంలోనే ఆయన రాజనీతి అంతా ఉన్నదని మేము భావిస్తాము.

1945 జనవరి 1న అజరయ్య మరణించారు. ఆయన వాదం రాజ్యాంగ సభలో మళ్ళీ వినిపించింది. మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ కూడా క్రైస్తవుడే. 1949 మే నెలలో మతాల వారీ స్థానాలు రద్దయినాయి. మద్రాసు నుండి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు ఉండి తీరాలని వాదించారు. బేగం ఐజాజ్ రసూల్ వద్దన్నారు. ఇస్మాయిల్ సాహెబ్ భయాలను నేడు తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. స్థానాలు పోయినా, తమకు ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు మైనారిటీలకు 30వ అధికరణం ద్వారా నిలిచింది. ఈ వార్షిక సంచిక అచ్చవుతున్న కళాశాల ఆ అధికరణం నీడలోనిదే.

అయితే ఈ బేరానికి మూల్యం చెల్లించినవారు వేరు. 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. క్రైస్తవులైన మాల, మాదిగలకు గాని, ముస్లిములైన దళితులకు గాని వర్తించలేదు. మన రాష్ట్రంలో మతం మారిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో ఉంచి ఒక శాతం ఇచ్చారు. ఆ హోదాకై బిషప్పులు దశాబ్దాలుగా విజ్ఞాపనలు సమర్పిస్తూ, ధర్నాలలో కూర్చుంటూ వచ్చారు. హోదాకు మతంతో ముడి ఉండరాదని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సిఫార్సు చేసింది. 2022లో కేంద్రం మరొక కమిషను వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. డెల్టా పల్లెలలో చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు గల పిల్లలు ఈ ఉత్తర్వు నీడలోనే తరాలుగా పెరిగారు.