ఆసు యంత్రం

షోలాపూరు పద్మశాలి పేటల పిల్లలకు జకార్డు మగ్గం కొత్త కాదు. మగ్గంపై అట్టలు వరుసగా కదులుతుంటే దుప్పటిపై పువ్వు తేలుతుంది. అట్టలో రంధ్రమున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశీయుడు జకార్డు 1804లో రూపొందించిన ఈ మగ్గాన్ని చూసే ఆంగ్లేయుడు చార్లెస్ బాబేజి తన గణనయంత్రానికి అట్టలు వాడదలచాడు. నేడు కంప్యూటరు ఆటలు తయారుచేసేవారూ యంత్రానికి ఇలాగే వరుసగా ఆజ్ఞలు రాస్తారు.

పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి యంత్రానికి అప్పగించడమే ఈ విద్యలోని కీలకం. దానిని స్వయంకృషితో సాధించిన చేనేత బిడ్డ చింతకింది మల్లేశం.

ఆయనది తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజీపేట. చిన్నతనంలోనే బడి మానవలసి వచ్చింది. పోచంపల్లి చీరకు రంగులు వేయకముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలి. దీనినే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు తల్లి లక్ష్మి చేయి సుమారు 9,000 సార్లు కదిలేది. ఆమె భుజం నొప్పి చూడలేక 1992లో మల్లేశం యంత్రం చేయపూనుకొన్నారు. అప్పులయ్యాయి. ఊరివారు నవ్వారు. పని మధ్యలో ఆగింది. బతుకుతెరువుకై హైదరాబాదు చేరిన ఆయనకు, బాలానగరులో ఒక యంత్రం కదలికను చూడగానే చిక్కు విడిపోయింది. 1999లో ‘లక్ష్మి ఆసు యంత్రం’ సిద్ధమైంది. గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

బడి మానడం గొప్ప కాదు. నేర్చుకోవడం మానకపోవడమే గొప్ప.

ప్రశ్నలు
1. అట్టలోని రంధ్రం పని ఏమిటి?
2. మీ ఇంట్లో పెద్దలకు ఎక్కువ శ్రమ కలిగించే పని ఏది? అందులోని కదలికలను వరుసగా రాయండి.