క్లిప్పులు పెడితే టైల్స్ సమంగా కూర్చుంటాయా?

ప్రశ్న: కైకలూరు దగ్గర కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. హాల్లో రెండు బై నాలుగు అడుగుల టైల్స్ వేయిస్తున్నాం. లెవెలింగ్ క్లిప్పులు కొనమని మేస్త్రి అంటున్నాడు. నిజంగా అవసరమా?
- ఓ పాఠకురాలు

జవాబు: కొనండమ్మా, ఖర్చు పెద్దదేం కాదు. అంత పొడవు టైలు మధ్యలో కాస్త ఉబ్బి ఉంటుంది. పక్కపక్క టైల్స్ అంచులు ఎగుడుదిగుడు కాకుండా క్లిప్పు, దానిలో దూర్చే చీలిక కలిసి పట్టి ఉంచుతాయి. అయితే అవి గచ్చు మట్టాన్ని సరిచేయవు, బాత్రూమ్ వాటాన్నీ ఇవ్వవు. ముందు ట్యూబ్ లెవెల్‌తో మట్టం గుర్తులు పెట్టించండి.

ఇసుక సిమెంటు మాలు మందంగా పరిచి క్లిప్పు బిగిస్తే టైలు పైకి లేచి కింద బోలు మిగులుతుంది. తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. మంచం కోడు పడితే పగిలేది అక్కడే. అందుకే గట్టిపడిన గచ్చు మీద టైల్ గమ్ము పళ్ల కరణితో గీసి, టైలు వెనకా పల్చగా పూయాలి. సందు రెండు మిల్లీమీటర్లు వదలాలి. ఇటుకల వరసలా వేస్తే సగానికి కాదు, మూడో వంతుకే జరపాలి.

క్లిప్పులు మర్నాడే తీయాలి, సందు వెంబడి రబ్బరు సుత్తితో కొట్టి. అడ్డంగా కొడితే అంచు పెచ్చులూడుతుంది.

మీ వైపు నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. కింద నింపిన మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేయించకపోతే ఏ క్లిప్పూ కాపాడదు. ముందు ఆ సంగతి మేస్త్రిని అడగండి.