మట్టి పరీక్షయందు తుది మోతాదు

మన సంఘ సభ్యులు పొలముల మట్టిని పరీక్షింపించి, వచ్చిన పత్రమును బట్టి ఎరువులు కొనుచున్నారు. ఆ పత్రమున సేంద్రియ కర్బనమను నొక అంకె యుండును. అది నూటికి 0.5 కంటె తగ్గిన 'తక్కువ' యనియు, 0.75 వరకు 'మధ్యమ' మనియు, ఆపైన 'ఎక్కువ' యనియు లెక్కింతురు. 'తక్కువ' యైన పొలమునకు నత్రజని హెచ్చుగా వేయుమని చెప్పుదురు. కావున ఈ యంకె తప్పిన రైతు సొమ్ము వ్యర్థమగును.

ఈ పరీక్షను 1934లో వాక్లీ, బ్లాక్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒక గ్రాము మట్టిపై 10 మి.లీ. పొటాషియం డైక్రోమేటు ద్రావణమును, 20 మి.లీ. గాఢ గంధకామ్లమును పోసి అరగంట యుంతురు. మట్టిలోని కర్బనము డైక్రోమేటును కొంత హరించును. పిమ్మట నీరు చేర్చి, మిగిలిన డైక్రోమేటు తీరువరకు, దానిలో సగము బలముగల ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటు ద్రావణమును కొలిచి పోయుదురు. దీనినే అంశమాపన మందురు.

చేతితో చేయువారు రంగు మారుటను చూచి నిలుపుదురు. స్వయంచాలక యంత్రమో, ప్లాటినపు ఎలక్ట్రోడు చూపు మిల్లీవోల్టుల అంకెను చూచి నిలుపును. అయితే ఎంతెంత పోయవలయునో, ఎంతసేపు ఆగవలయునో దానికి ముందుగా మనుష్యుడే నిర్ణయింపవలయును.

కాటాలో ధాన్యము తూచువాడు మొదట గంపతో పోయును. ముల్లు నడుమకు వచ్చుచుండగా దోసిటితోను, తుదకు చిటికెలతోను వేయును. యంత్రమునకును ఇదియే పద్ధతి.

ఒక లెక్క చూడుడు. మట్టి లేకుండ చేసిన పరీక్షలో 20 మి.లీ. పట్టినదనుకొందము. మట్టితో 17.2 మి.లీ. పట్టిన, భేదము 2.8. పరీక్షలో దహింపక మిగులు కర్బనమునకై వేయు 1.3 గుణకముతో గూడ, ఒక్కొక్క మి.లీ. భేదమునకు నూటికి 0.195 కర్బనము. కావున ఫలితము సుమారు 0.55, అనగా మధ్యమము. యంత్రము ఒక్కొక్క మి.లీ. చొప్పున పోయుచు 18 వద్ద నిలిచిన, ఫలితము 0.39, అదే మట్టి 'తక్కువ' యగును!

కావున తొలుత 10 మి.లీ. ఒకేసారి పోయించి, పిదప 0.5 చొప్పునను, అంకె వేగముగా మారునప్పుడు 0.05 చొప్పునను పోయింపవచ్చును. 0.05 వలన కలుగు తప్పు నూటికి 0.01 మాత్రమే. కర్బనము మిక్కిలిగా గల మట్టికి తొలి 10 మి.లీ. యే తుదిని దాటవచ్చును. అట్టిదానిని తక్కువ మట్టితో మరల పరీక్షింపవలయును. ప్రతి మోతాదు పిదప అంకె నిలుకడకు వచ్చువరకు ఆగుటయు ముఖ్యము. ఆగనిచో తరువాతి మోతాదు తుదిని దాటించును.

ఫెర్రస్ ద్రావణము గాలి తగిలి నానాటికి బలము తగ్గును. అందుచే సభ్యులు పరీక్షాలయమువారిని రెండు ప్రశ్నలడుగవలయును: మట్టి లేని పరీక్ష ఆనాడే చేసితిరా? ఒకే మట్టిని రెండుమారులు పరీక్షించిన ఫలితములు కలిసినవా? ఈ రెంటికిని సరియైన సమాధానము వచ్చిన పిదపనే ఎరువుల పట్టీ వ్రాసికొనుట మేలు.